మట్టి లారీ రాని సాయంత్రం

మా యార్డులో ప్రతి సాయంత్రం చెత్తకు దుప్పటి కప్పాలి. అది నియమం. పొద్దంతా వచ్చిన చెత్తను బుల్డోజరు నెట్టి, తొక్కి, చదును చేశాక, చీకటి పడకముందే దాని మీద అర అడుగు మందాన మట్టి పరవాలి. పరవకపోతే ఈగలు, కుక్కలు, గద్దలు. గాలి తిరిగితే శామీర్‌పేట దాకా కంపు. ఎండకాలమైతే ఎక్కడో ఒకచోట పొగ లేస్తుంది. అందుకే చెత్త లారీలన్నీ వచ్చిపోయాక చివరగా మట్టి లారీలు వచ్చేవి. నేను కాటా దగ్గర కూర్చుని రెండింటినీ తూచేవాణ్ణి.

ఆ మట్టి ఎక్కడిదో చీటీ చూడకుండానే నాకు తెలిసేది. నల్లగా, జిగటగా, మధ్యమధ్య తెల్లటి నత్తగుల్లలతో ఉండేది. అది మా కుంట మట్టి. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న మా ఊరి కుంటలో మా నాయిన వల వేశాడు, ఇప్పుడు మా తమ్ముడు వేస్తున్నాడు. ఊరి పెద్దలు, అంటే ఒకప్పుడు భూములు దున్నించినవాళ్లు, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నవాళ్లు, కుంట మట్టి యార్డుకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పూడిక తీసినట్టూ అవుతుంది, యార్డుకు పనికొచ్చినట్టూ అవుతుంది అన్నారు. మొదట్లో అది నిజమే. కానీ పూడిక అయిపోయినా తవ్వకం ఆగలేదు. కుంటలో సగం గుంతలమయమైంది. వల లాగితే గుంతల అంచులకు తట్టుకుని చిరిగేది.

మిగిలింది కట్ట కింద ఉన్న మడుగు. నడి ఎండకాలంలో కుంటంతా నెర్రెలు వాసినా ఆ మడుగులో మోకాలి లోతు నీళ్లు, దాని కింద బురద ఉంటాయి. కొర్రమీను తల్లి చేపలు ఆ బురదలో బతికి, తొలి వానకు పిల్లలతో బయటికొస్తాయి. రవ్వ, బొచ్చె పిల్లలను మత్స్యకారుల సంఘం వాళ్లు తెచ్చి వదులుతారు. కొర్రమీనును ఎవరూ తెచ్చి వదలరు. అది మడుగు ఇచ్చేది.

ఆ ఏడు ఎండకాలం మొదట్లో యార్డులో ఒక మాట పుట్టింది. వానలు పడితే కుంటలో తవ్వలేరు కాబట్టి, మృగశిర కార్తె, అదే మా మిరుగం, రాకముందే మడుగు మట్టి మొత్తం తవ్వి యార్డులో కుప్ప పోసుకోవాలని. ఊరి పెద్దలు సరేనన్నారట. సంతకాలే మిగిలాయి.

ఆ ఆదివారం తమ్ముడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ అన్నాడు.

"అన్నా, రోజు నువ్వు కాటా మీద ఏం తూస్తున్నవో ఎర్కేనా? మన కుంటను తూస్తున్నవ్."

కోపంగా అనలేదు. నేను అతని చేతుల మీద నీళ్లు పోశాను.

*

నేను ఎనిమిదితో బడి మానేశాను. లెక్క నాకు చేపల దగ్గర వచ్చింది. సంఘం వాళ్లు చేప పిల్లలను ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చేవారు, వేలకు వేలు. ఒక్కొక్కటి లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. ఒక చిన్న జల్లి గిన్నె నిండా తీసి, అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎన్ని గిన్నెలు పోస్తే అన్ని రెట్లు వేసేవారు. గిన్నెను పైపైన ముంచితే మా నాయిన ఒప్పుకునేవాడు కాదు. ముందు చెయ్యి పెట్టి నీళ్లు కలియబెట్టేవాడు. "పైన తిరిగేటియి వేరు, అడుగున పండుకున్నయి వేరు బిడ్డా. కలెవెట్టి ముంచు" అనేవాడు. తర్వాత నేను నేర్చుకున్న శాతాలు, సగటులు, పట్టికలు అన్నీ ఆ గిన్నెకు తోకలే.

కాటా పని ఆ అలవాటును పెంచింది. వచ్చిన చెత్త ఎంత, వచ్చిన మట్టి ఎంత అని నాకు నేనే కూడుకుంటూ ఉండేవాణ్ణి. మా యార్డుకు కొత్తగా ఇంజినీరుగా వచ్చిన మేడం ఒకరోజు కాటా గది నీడలో నిలబడి ఉంటే మాటల్లో ఆ సంగతి చెప్పాను. ఆమె సుచిత్ర చౌరస్తా దగ్గర అపార్ట్‌మెంటులో ఉండేది, స్కూటీ మీద వచ్చేది.

"మన గుట్టలో దాదాపు ఆరో వంతు చెత్త కాదు మేడం, మా కుంటే" అన్నాను.

ఆమె లెక్క మళ్లీ చెప్పించుకుంది. మట్టి అంత చోటు తింటోందంటే యార్డు ముందే నిండిపోతుంది. ఆమెకు కావలసింది ఆ చోటు. నాకు కావలసింది మడుగు. మట్టికి బదులు పల్చటిది ఇంకేదైనా కప్పవచ్చునని, కానీ మన ఎండకూ గాలికీ అది ఆగుతుందని చూపిస్తే గానీ ఎవరూ ఒప్పుకోరని ఆమె చెప్పింది. మేనేజరు సారును అడిగి, గుట్ట మీద పక్కపక్కనే మళ్లు కట్టి పరీక్ష చేసే అనుమతి తెచ్చింది. సారు చెడ్డవాడు కాదు. ఏ సాయంత్రం కప్పు పడకపోయినా ముందు ఆయన మెడకే చుట్టుకుంటుంది. అందుకని ఒక గడువు పెట్టాడు: మిరుగానికి ముందే ఏదో ఒకటి తేలాలి, లేకుంటే మడుగు తవ్వకం.

లెక్క నన్ను రాయమంది మేడం. ఆ కుంటలో వల వేసుకుని బతికేది మా తమ్ముడేనని, నా లెక్కను గుడ్డిగా నమ్మొద్దని ఆమెకూ సారుకూ ముందే చెప్పాను. ఆమె నవ్వింది.

"బాగుందని చెప్పొద్దన్నా. ఎట్లుందో చెప్పు, చాలు."

*

మొదటి మడిలో మామూలు మట్టి. దానితోనే మిగతావి పోల్చాలి. రెండో మడి మీద పెద్ద తార్పాలిన్ పట్టా పరిచి అంచుల మీద పాత టైర్లు పెట్టాం. అందరికీ అదే తేలిక అనిపించింది. సాయంత్రం పరుస్తాం, పొద్దున తీస్తాం. నేను కూడా అదే గెలుస్తుందనుకున్నాను. కానీ మా గుట్ట ఎత్తు మీద, ఔటర్ రింగు రోడ్డు వైపు నుంచి వచ్చే గాలికి అడ్డం లేదు. మొదటి గాలికే పట్టా ఒక మూల లేచింది. రెండో గాలికి టైర్లతో సహా లేచి, దొర్లుకుంటూ పోయి సర్కారు తుమ్మల్లో చిక్కుకుంది. దాన్ని దించేసరికి ముక్కలైంది. ఒక ముక్క కొన్నాళ్లకు కూలీల షెడ్డు పైకప్పుగా కనిపించింది. కనీసం ఒకరికి పనికొచ్చిందని మేడం అంది.

మిగిలింది మూడో మడి. జీడిమెట్లలో అట్టపెట్టెలు చేసే ఒక చిన్న యూనిట్ నుంచి కాగితం గుజ్జు, దానిలో సున్నం, కొంచెం ఎర్రమన్ను. అన్నీ నీళ్లలో కలిపి ట్యాంకరు పైపుతో చెత్త మీద చిమ్మాలి. ఆరితే గోడ మీద సున్నం లాగా పొర కడుతుంది. చిమ్మిన సాయంత్రం చూడటానికి ఎంతో బాగుంది. మర్నాటి ఎండకు పెంకుల్లాగా పగిలి లేచిపోయింది.

ఇక్కడే మేమంతా కలిసి ఒక తప్పు చేశాం. అది మా వైపు మనుషులే చేయగల తప్పు. సున్నం గోడకు అంటుకుని ఉండాలంటే మా ఇళ్లలో దానిలో గంజి కలుపుతారు. గుట్ట మీద పనిచేసే ఆడవాళ్లకు పెద్దగా ఉండే మేస్త్రి అక్క ఆ మాట అంది. మా అవ్వ కూడా అట్లే చేసేదని నేనన్నాను. మా అమ్మమ్మ ఇంట్లో కూడా అంతేనని మేడం అంది. ముగ్గురి అవ్వలూ ఒకటే మాట చెబుతున్నప్పుడు ఇంక అనుమానం ఎందుకు? క్యాంటీనులో అన్నం వార్చిన గంజి డ్రమ్ముల్లో పట్టించాం. అదే ఊపులో సున్నం కొంచెం తగ్గించాం, గుజ్జు కొంచెం పెంచాం. ఈసారి పొర పగలలేదు. నిగనిగలాడింది.

పొద్దెక్కేసరికి ఆ మడి నల్లబడింది. ఈగలు. గంజి పులిసి, ఆ వాసనకు గుట్ట మీది ఈగలన్నీ అక్కడికే చేరాయి. ఏమీ కప్పని చెత్త మీదకన్నా ఎక్కువ. మేనేజరు సారు వచ్చి, ముక్కుకు రుమాలు పెట్టుకుని కాసేపు చూశాడు.

"ఈగలను తరుమున్రయ్యా అంటె, మీరు బంతి గూసోవెట్టి వడ్డించిండ్రు గద."

గుట్టంతా నవ్వింది. మేస్త్రి అక్క అందరికన్నా ఎక్కువ నవ్వింది. మేడం కూడా నవ్వింది గానీ ఆ రోజంతా టోపీ ముఖం మీదికి లాక్కుని తిరిగింది. సారు పోతూ పోతూ నాతో, మడుగు కాగితాలు తయారవుతున్నాయని చెప్పాడు.

*

ఆ రోజు ఇంటికి పోయాక చాలాసేపు కూర్చుని ఆలోచించాను. తప్పు గంజిదని అందరూ అన్నారు. అది నిజమే. కానీ పొర పగలకుండా ఆగింది దేనివల్ల? గంజి వల్లనా, గుజ్జు పెంచడం వల్లనా, సున్నం తగ్గించడం వల్లనా? మూడూ ఒకేసారి మార్చాం కాబట్టి దేనికీ సాక్ష్యం లేదు. గిన్నె పైపైన ముంచినట్టే ఉంది మా పని.

మర్నాడు మేడంతో ఆ మాట చెప్పాను. మూడో మడిని చిన్న చిన్న మళ్లుగా చీల్చుదాం, ఒక్కో మడిలో ఒక్కటే మార్చుదాం, మిగతాదంతా ముందటిలాగే ఉంచుదాం అన్నాను. తాను కూడా రాత్రి అదే అనుకున్నానని, గడువు చూసి భయపడి తొందరపడ్డామని ఆమె అంది. ఇద్దరం కలిసి కర్రలు పాతాం, రంగు గుడ్డలు కట్టాం. ఎర్ర గుడ్డ మడిలో గుజ్జు ఎక్కువ. పచ్చ గుడ్డ మడిలో సున్నం ఎక్కువ. తెల్ల గుడ్డ మడిలో మొదటి పాళ్లే.

ఈగలను కొలవడానికి మేడం ఒక చట్రం చేయించింది. సన్నని చెక్క పట్టీలను కొంచెం కొంచెం ఎడంగా మేకులు కొట్టిన జాలి. దాన్ని మడి మీద పెట్టి, కాసేపు కదలకుండా నిలబడి, ఎన్ని ఈగలు వాలాయో లెక్కపెట్టాలి. ఇది వినడానికి తేలిక. ఈగ ఒకచోట వాలి లేచి మళ్లీ వాలితే అది ఒకటా రెండా? నా కన్ను అలవాటుపడే దాకా మేడం పక్కన కూర్చుని తన లెక్క తాను పెట్టుకునేది. ఇద్దరి లెక్కా కలిసినప్పుడే రాసేవాళ్లం. చట్రాన్ని ఈగలు గుమిగూడిన చోట మాత్రమే పెట్టకుండా మడి నాలుగు మూలలా, నడుమా పెట్టించాను. ఎందుకని అడిగితే నాయిన గిన్నె సంగతి చెప్పాను.

సున్నం ఎక్కువ ఉన్న పచ్చ గుడ్డ మడిలో ఈగలు బాగా తగ్గాయి. అంతా బాగానే ఉంది గానీ, పగుళ్లు మాత్రం ఏ మడిలోనూ పోలేదు. పగులు ఉన్నచోట ఈగ దూరుతుంది. వాసన బయటికొస్తుంది.

మేస్త్రి అక్క ఒకరోజు పైపు పట్టిన అబ్బాయి చిమ్ముతుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. అతడు ఒకేచోట నిలబడి, చెత్త కనబడకుండా మందంగా పోస్తున్నాడు.

"ఇల్లు అలుకుతుంటె ఎవరన్న ఒక్కపాలే గంత మందం కొడ్తరా?" అంది. "పల్చగ ఒక చెయ్యి అలుకాలె. అది ఆరినంక అడ్డం మల్లొక చెయ్యి."

మేడం నా వైపు చూసింది. నేను నవ్వాను. గంజి మాట కూడా ఈ నోటి నుంచే వచ్చిందని ఇద్దరికీ గుర్తొచ్చింది. అక్కకు కూడా గుర్తొచ్చినట్టుంది.

"గిండ్ల గంజి లేదు తియ్యున్రి" అంది.

ఈసారి తొందరపడలేదు. పచ్చ గుడ్డ మడి పక్కనే ఇంకొకటి కట్టాం. పాళ్లు అవే, నీళ్లు అవే, మొత్తం సరుకు కూడా అంతే. మారింది ఒక్కటే. సగం సరుకు నిలువుగా పల్చగా చిమ్మి, తడి ఆరాక మిగతా సగం అడ్డంగా చిమ్మాం. దానికి పసుపు గుడ్డ కట్టాం.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో ఆ మడి మీద మోకాళ్లేసుకుని పగుళ్ల కోసం వెతికాను. వెంట్రుకల్లాంటి గీతలు ఉన్నాయి గానీ వేలిగోరు దూరే సందు ఒక్కటీ లేదు. చట్రం పెట్టిన ప్రతిచోటా ఈగలు మట్టి మడి కన్నా తక్కువ. మేడం తన లెక్క చూపింది. నా లెక్క చూపాను. ఒకటే. ఆమె సీసాలో నీళ్లన్నీ తన తల మీద పోసుకుంది.

ఇంకొన్నాళ్లు అదే మడిని మళ్లీ మళ్లీ వేశాం. మంట పెట్టి చూశాం, అంటుకోలేదు. కుక్కలు వచ్చి గోకి, దొరకక పోయాయి. ట్యాంకరుతో నీళ్లు పోశాం, చాలావరకు జారిపోయాయి.

*

అయినా ఒక ముడి మిగిలింది. ఈ పొర రోజువారీ కప్పుకు సరిపోతుంది గానీ, పల్చటిది ఎక్కువ రోజులు ఆగదు కాబట్టి వారానికి ఒకసారైనా మట్టి వేయక తప్పదు. ఆ మట్టి ఎక్కడి నుంచి? మడుగు నుంచే అంటే మా కష్టం సగం వృథా.

దానికి జవాబు కాటా దగ్గరే ఉంది. సుచిత్ర, పేట్ బషీరాబాద్ వైపు అపార్ట్‌మెంట్లకు సెల్లార్లు తవ్వుతూనే ఉంటారు. అక్కడ తవ్విన మొరం మన్ను అప్పుడప్పుడు మా యార్డుకు వచ్చేది. ఒకరోజు లారీల వరుస, తర్వాత చాలా రోజులు ఒక్కటీ ఉండదు. రోజూ కప్పాలంటే దాన్ని నమ్ముకోలేం కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. గడిచిన నెలలన్నిటి మొరం కూడి వారానికి ఎంత పడుతుందో తీశాను. వారానికి ఒక్క పూట కప్పడానికి కావలసినదానికన్నా ఎక్కువే వచ్చింది. కుప్ప పోసి ఉంచుకుంటే చాలు. కుంట మట్టి అసలు అవసరమే లేదు. మూడుసార్లు వేరువేరుగా కూడాను, ప్రతిసారీ అదే. నాలుగోసారి మేడంతో కూడించాను.

పట్నం ఆఫీసు నుంచి పెద్దసారు చూడటానికి వస్తానన్నాడు. ఆయన రావడానికి ముందురోజు మధ్యాహ్నం గాలివాన కొట్టింది. వడగండ్లు. కాటా గది రేకుల మీద చప్పుడుకు మాట వినబడలేదు. నా మనసంతా గుట్ట మీదే ఉంది. తెరిపి ఇవ్వగానే మేడం, నేను, మేస్త్రి అక్క బురదలో జారుకుంటూ ఎక్కాం. మట్టి మడి మీద నీళ్లు వాగులు కోసి, కింది చెత్త బయటపడింది. పసుపు గుడ్డ మడి మీద వడగండ్ల గుంటలున్నాయి. పొర మాత్రం నిలిచింది. మేస్త్రి అక్క వంగి, ఇంట్లో అలుకు చూసినట్టు అరచేత్తో నిమిరి చూసింది. చెయ్యి మాకు చూపించింది. పొర చేతికి అంటలేదు.

పెద్దసారు వచ్చేసరికి ఎండ కాసింది. వానకు తడిసిన మట్టి మడి మీద గద్దలు వాలి ఉన్నాయి. పసుపు మడి మీద ఒక్కటీ లేదు. ఆయన రెండు మళ్లనూ చూశాడు. నేను లెక్కలు చెప్పాను. అప్పుడు మేనేజరు సారు, న్యాయంగానే, ఒక మాట అడ్డం వేశాడు.

"ఈయన తమ్మునిదే సార్ ఆ కుంట. ఈయన లెక్క ఈయనకు తియ్యగనే ఉంటది."

"అవును సార్" అన్నాను. "అందుకే చట్రం మీరు పట్టున్రి. ఏడ వెట్టాల్నో మీరే సూస్కోని వెట్టున్రి."

మేనేజరు సారు ప్యాంటు మడిచి చట్రం తీసుకున్నాడు. మట్టి మడి మీద రెండు చోట్ల పెట్టి లెక్కపెట్టాడు. తర్వాత పసుపు మడి అంతా తిరిగి, ఎక్కడో మూలన గద్ద రెట్ట పడిన చోటు చూసి, ఈగలు ఉండక తప్పనిచోటే పెట్టాడు. గొంతుక్కూర్చుని పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. మడుగు ఆ చెక్క పట్టీల మీద ఉంది.

"మూడు" అన్నాడు.

మట్టి మడి మీద ఎన్ని అని పెద్దసారు అడిగాడు. ఒకచోట పదకొండు, ఒకచోట తొమ్మిది. మేనేజరు సారు చట్రం తీసి ఇంకోచోట పెట్టాడు. ఈసారి కాసేపు ఎక్కువే కూర్చున్నాడు. ఒకటి. అప్పుడు లేచి, మోకాళ్లు దులుపుకుని, నా వైపు కాకుండా మేస్త్రి అక్క వైపు తిరిగాడు.

"గంజి కలపలేదు గద?"

"కలిపితె నువ్వు లెక్కవెట్టనీకె పొద్దు సరిపోవునా సారూ" అంది అక్క.

పెద్దసారు నవ్వాడు. మొరం లెక్క కూడా చూసి, రెండు ప్రశ్నలు అడిగి, మేడంతో చాలాసేపు మాట్లాడాడు. పోయే ముందు మేనేజరు సారుతో అన్న మాట మా అందరికీ వినబడింది. మడుగు కాగితాలు పక్కన పెట్టమన్నాడు.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. ఇంటికి ఎప్పుడొస్తావని అడిగాడు. అంతే.

*

మరుసటి ఏడు మిరుగం రోజు. ఆ రోజు మా వైపు ఎవరింట్లో అయినా చేప ఉడకాలి. కుంటలో మట్టి తవ్వక ఏడాది దాటింది. పాత గుంతల్లో వాన నీళ్లు నిలిచి, మడుగు నుంచి వచ్చిన పిల్లలు వాటిలో పెరిగాయి.

సాయంత్రం తమ్ముడు బండి మీద యార్డుకు వచ్చాడు. ముందర తడి గోనెసంచి కదులుతోంది. లోపల కొర్రమీను, మోచేయి నుంచి వేళ్ల దాకా పొడవు. బండి బయట ఆపి, సంచిని తీసుకుపోయి లారీలు ఎక్కే కాటా పలక నడుమ పెట్టాడు.

"తూకం సెప్పు అన్నా."

నేను కిటికీలోంచి అంకెల వైపు చూశాను. మా కాటా లారీల కోసం చేసింది. ఇరవై కిలోల లోపు దేన్నీ పట్టించుకోదు. సున్నా చూపిస్తోంది.

"సున్నా" అన్నాను.

"మన కుంట మన్నయితే టన్నులకు టన్నులు సూపెట్టె. గీ చేపకొచ్చేసరికి దీని కండ్లు వోయినయా?"

కాటా గదిలో ఉన్న మేడం పకపకా నవ్వింది. నేను బయటికి వచ్చి తమ్ముడి పక్కన పలక మీద నిలబడ్డాను. ఇద్దరి బరువుకు అంకెలు కదిలాయి. చేపది ఎంతో మాకు తెలియలేదు. తెలుసుకోవాలని అనిపించలేదు, ఇంత లెక్కల మనిషిని నాకే.

వెనక చెత్త లారీ హారన్ కొట్టింది. ఆ రోజుకు అదే చివరి లారీ. దాని తర్వాత రావలసింది ఏమీ లేదు. తమ్ముడు సంచి ఎత్తుకున్నాడు. గుట్ట మీద మేస్త్రి అక్క పైపు అబ్బాయికి ఏదో చెబుతోంది, చేతిని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఊపుతూ. తెల్లటి పొర ఒకటి కొత్త చెత్త మీద పల్చగా పడటం మొదలైంది.